వెంకటక్క మధ్యాహ్నపు కునుకు

ధర్మవరంలో ఈ పాతికేళ్లుగా నేసిన పట్టుచీరల అంచుల్లో సగం, ఒకే ఒక ఆడమనిషి నిద్రపోతూ గీసినవి. ఆ మనిషి మా అన్న కూతురు వెంకటక్క.

సగం అన్నది కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను. ఆమె ఉండే వీధి మట్టుకు చూసుకున్నా సగం రాకపోవచ్చు. నిద్రపోతూ గీసింది అనడం కూడా నిక్కచ్చి మాట కాదు. నిద్రలో చూసేది, లేచాక గీసేది. నన్ను చదివించిన కాన్వెంటులో సిస్టర్లు అబద్ధం చెప్తే రెండు చెవులూ మెలిపెట్టేవారు. వెంటనే సగం వెనక్కి తీసుకుంటే ఒక చెవితో వదిలిపెట్టేవారు. ఇప్పుడు సగం వెనక్కి తీసుకున్నాను కాబట్టి, మిగతా సగం మీరు నమ్మి తీరాలి.

వెంకటక్కకు యాభై దాటాయి. మగ్గంలో ఆమె కూర్చోదు. నేసేది ఆమె భర్త పాపన్న. ఆమె పని అంచులు గీయడం. గళ్ల కాగితం ముందు పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోతుంది. దగ్గర నుంచి చూస్తే చీమలు పాకినట్టు ఉంటుంది. చేతి దూరంలో పెట్టి చూస్తే పువ్వో, తీగో, పిట్టో అవుతుంది. ఆ కాగితాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీదికి ఎక్కిస్తారు. చిల్లు ఎలా చెప్తే దారం అలా లేస్తుంది. షావుకారు రాజశేఖర్ ఆమె అంచులు తప్ప వేరేవి తన మగ్గాల మీద ఎక్కించేవాడు కాదు.

ఆ అంచులు ఎక్కడి నుంచి వస్తాయో రాజశేఖర్‌కు తెలియదు. పాపన్నకు తెలుసు, నాకు తెలుసు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, పాపన్న మళ్లీ మగ్గం గుంతలోకి దిగుతాడు. వెంకటక్క మగ్గం వెనుక చల్లని బండల మీద చాప వేసుకుని, తల కింద చెయ్యి పెట్టుకుని ఒరుగుతుంది. పెన్సిలు మాత్రం వేళ్ల మధ్యే ఉంటుంది. ఎవరైనా వాకిట్లోకి వస్తే లేచి కూర్చుని గీస్తున్నట్టు కనపడాలి కదా. నేతగాళ్ల వీధిలో పగలు పండుకున్న ఆడదాన్ని చూస్తే, ఒళ్లు బాగలేదా అని అడుగుతారు. రెండో రోజు కూడా పండుకుంటే ఇంకేమీ అడగరు, పక్కింట్లో చెప్పుకుంటారు.

ఆ కునుకులో, పూర్తిగా మునగకుండా, పూర్తిగా తేలకుండా ఉండే చోటు ఒకటి ఉంటుందట. అక్కడ ఎవరో నీళ్ల మీద గుడ్డ పరుస్తున్నట్టు ఒక అంచు మెల్లగా విచ్చుకుంటూ వస్తుంది. ఒకసారి వాన వెలిసిన చెనక్కాయ చేను వచ్చింది. కాయలన్నీ భూమిలో ఉండలేక పైకి వచ్చి, ఆకులకు కమ్మల మాదిరి వేలాడుతున్నాయి. ఇంకోసారి కొండ మీది గాలిమరలు తిరిగి తిరిగి అలిసిపోయి, రెక్కలు మల్లెరేకులుగా రాల్చుకున్నాయి. ఒక పొగమంచు నెలలో రైలు వచ్చింది. ప్రతి కిటికీలోనూ ఒక చిలక కూర్చుని ఉంది, ప్రతి చిలక ముక్కునా ఒక టికెట్టు ఉంది. ఈ టికెట్టు సంగతి నేను చేర్చానేమో, గుర్తులేదు. రైలు అంచు మాత్రం రాజశేఖర్ అంగట్లో నా కళ్లతో చూశాను.

ఇలా జరిగిపోతుండగా పక్కింటి నాగరాజు కింది అంతస్తులో మరమగ్గాలు పెట్టాడు.

నాగరాజు మంచివాడు. ప్రారంభం రోజు వీధంతా లడ్డూలు పంచాడు, వెంకటక్కకు రెండు ఎక్కువే ఇచ్చాడు. అందుకే ఆమె ఏమీ అనలేకపోయింది. ఆ చప్పుడు చెవిలోకి రాదు, పళ్లలోకి వస్తుంది. గోడకున్న కేలెండరు వణుకుతుంది. చాప మీద ఒరిగితే బండ కిందుగా ఏదో బండి పోతూనే ఉన్నట్టు, ఎప్పటికీ దాటిపోనట్టు ఉంటుంది. వెంకటక్కకు కునుకు పోయింది. కునుకుతో పాటు అంచులూ పోయాయి.

కరెంటు పోయినప్పుడు మాత్రం మరమగ్గాలు ఆగేవి. అప్పుడామె గబగబా వచ్చి చాప వేసుకునేది, కరెంటు తిరిగి వచ్చేలోపు అంచు ముక్క ఒకటి కనిపించి పోయేది. ఒకరోజు నాకు ఫోను చేసింది.

"చిన్నాయనా, కరెంటాఫీసులో నీకెవురన్నా తెలుసునా?"

"ఏమిటికి? మీ ఇంట్లో కరెంటు రాలేదా?"

"వస్తాంది. అదే కష్టం. దినామూ మధ్యాన్నం ఒగ గంట పోయేటట్ల ఏమన్నా చెప్పేదానికి అయితాదా అని."

కరెంటు పోకుండా ఉండడానికి మొక్కుకునేవాళ్లను చూశాను గానీ, పోవడానికి సిఫారసు అడిగిన మనిషి ఈమె ఒక్కతే. నాకు అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఉన్నా, అంత పెద్ద మేలు చేయగలిగేవాళ్లు కారు.

ఆ లోపల రాజశేఖర్ వచ్చి మగ్గం పక్కన పీట మీద కూర్చున్నాడు.

"అక్కా, దసరా చీరలకు కొత్త అంచు కావాల. ఇన్ని దినాలు నీ కోసరం కాచుకోని ఉండా. ఈ నెల దాటితే బెంగుళూరు కంప్యూటరు డిజైను ఎక్కిస్తా."

"ఎక్కించు. అది అయిపోయినాక మళ్ల నాది ఎక్కిస్తువు."

"అట్ల కాదక్కా. ఒగసారి ఆడికి పోతే మళ్ల ఈడికి వచ్చేది ఉండదు. వాళ్లు ఏడాదికి మాట్లాడుకుంటారు. నీకు ముందే చెప్పాల కదా, అందుకే వచ్చినా."

అతను కాఫీ తాగి వెళ్లిపోయాడు. వెంకటక్క ఆ మధ్యాహ్నం గళ్ల కాగితం ముందు కూర్చుని, పాత చిలకకు కొత్త తోక పెట్టి చూసింది. తోక కోపంగా ఉంది. చెరిపేసింది.

హెడ్‌ఫోన్ల మాట ఎత్తింది నేనే. మా పెనుకొండ నుంచి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పోయే పిల్లలు బస్సులో అవి పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోవడం రోజూ చూస్తాను. కండక్టరు వాళ్ల చెవి దగ్గర విజిల్ ఊదినా కదలరు. బయటి చప్పుడును మింగేసే రకాలున్నాయని, తీగలు కూడా ఉండవని ఫోనులో చెప్పాను. వెంకటక్కకు నచ్చింది గానీ, కొనేది ఎక్కడన్నదే చిక్కు.

"ధర్మవరంలో కొనను. సాయంత్రానికంతా వీధిలో తెలిసిపోతాది. వెంకటక్క పగలు పండుకునేదానికి మిషను తెచ్చుకునిందంట అంటారు. షావుకారు చెవిన పడితే, నిద్రపోయేదానికా నేను దుడ్లిచ్చేది అంటాడు."

"ఇంటికే తెప్పించుకో, ఫోనులో నొక్కితే వస్తాది."

"చెవిలో పెట్టి చూడకుండా ఎట్ల కొనేది? పట్టుచీర అట్ల కొంటారా ఎవురన్నా?"

అందుకని హిందూపురం పోదామనుకున్నాం. ఆమె ధర్మవరంలో రైలెక్కింది, నేను పెనుకొండలో ఎక్కాను. కిటికీ దగ్గర కూర్చుని, కొంగు తల మీదుగా కప్పుకుని, దొంగబంగారం కొనడానికి పోతున్నదానిలా ఉంది.

"ఎవురికీ చెప్పలేదు కదా, చిన్నాయనా?"

"పెనుకొండలో ఎవరికీ చెప్పలేదు."

"అంటే ఇంగ యాడ చెప్పినావు?"

"సోమందేపల్లిలో ఒకాయనకు చెప్పినా. ఆయనకు చెవుడు, భయం లేదు."

ఆమె నా వైపు చూడకుండా బయటికి చూసింది. పెనుకొండ కొండ మీద కోటగోడ ఎండలో లేత ఎరుపుగా, ఇంకా ఆరని ఉతికిన గుడ్డలాగా పరుచుకుని ఉంది. ఎర్రమంచి దాటేటప్పుడు కొత్త కార్లు వరుసలుగా నిలబడి మెరుస్తున్నాయి. వెంకటక్క చూపుడువేలు మోకాలి మీద గడులు గీస్తోంది. నాలుగు గీసి ఆగిపోయింది.

"ఏమీ వస్తాలేదు," అంది.

హిందూపురం బజారు వీధిలో సెల్‌ఫోన్ల అంగడి ఒకటి చూసుకుని లోపలికి పోయాం. అంగట్లో కూర్చున్న అమ్మాయి పేరు భాగ్యశ్రీ, మడకశిర పిల్ల. సగం తెలుగు, సగం కన్నడం, రెండింటిలోనూ నవ్వు.

"ఏమి కావాలవ్వా?"

వెంకటక్క నా వైపు తిరిగింది. "అక్కా అనమ్మా," అన్నాను నేను.

"ఏమి కావాలక్కా?"

"ఏమీ వినపడకుండా చేసేది."

"పాటలు వినేదానికా, ఫోను మాట్లాడేదానికా?"

"పాటలు వద్దు, ఫోను వద్దు. వినేదానికి కాదు పాపా, వినకుండా ఉండేదానికి."

"దానికి దూది చాలు కదక్కా."

"పెట్టుకున్న్యా. చప్పుడు దూదిలోనించి కూడా వస్తాంది."

భాగ్యశ్రీ మూడు రకాలు తీసి అద్దం మీద పెట్టింది. చెవి రంధ్రంలో పెట్టుకునే చిన్నవి, మెడకు వేలాడేవి, తల మీదుగా వచ్చి చెవి మొత్తం మూసేవి. చిన్నవి పెట్టుకుని వెంకటక్క, చెవిలో శనగగింజ పడినట్టుందని తీసేసింది. మెడవి పక్కకు తిరిగి పండుకుంటే గుచ్చుకుంటాయంది. మూసేవాటిలోనే రెండు మూడు ధరలున్నాయి.

"ఇవి ఎట్ల పని చేస్తాయంటే," అని భాగ్యశ్రీ చెప్పింది, "బయట చప్పుడు ఒగటి వస్తుంది కదా, దానికి సరిగ్గా ఎదురు చప్పుడు ఇది లోపల పుట్టిస్తుంది. రెండూ కలిసి చల్లారిపోతాయి."

"రెండు చప్పుళ్లు కలిస్తే ఇంగా పెద్ద చప్పుడైతాది గానీ, చల్లారేది ఎట్ల? మా అత్తా నేనూ ఒగేసారి అరిస్తే వీధి వీధే బయటికి వస్తాండె."

"మీరిద్దరూ సరిగ్గా ఎదురెదురుగా అరిచి ఉండరు," అన్నాను.

"గమ్మునుండు చిన్నాయనా."

పాపన్న మరమగ్గాల చప్పుడును ముందే తన ఫోనులో పట్టి ఇచ్చి పంపాడు. దాన్ని అంగట్లోని పెద్ద స్పీకరులో పెట్టించాం. గాజు అలమరలు గలగలలాడాయి. పక్క అంగడాయన తొంగిచూసి, "ఏమబ్బా, ఈడ మిల్లు పెట్టినారా?" అని అడిగి పోయాడు. ఆ చప్పుడులో వెంకటక్క ఒక్కొక్కటీ పెట్టుకుని చూసింది. అన్నీ ఎంతో కొంత తగ్గించాయి. ఏది ఎంత తగ్గించిందో ఆమెకు తేల్చుకోవడం రాలేదు. ఎండకు చెమట పడుతుంది కాబట్టి మెత్తలు గుడ్డవి చూసుకోమని, ఛార్జి ఎన్ని గంటలుంటుందో చూసుకోమని, వాపసు తీసుకుంటారో లేదో అడగమని నేను చెప్తూనే ఉన్నాను. ఆమె ఏదీ వినలేదు. చెవులకు ఒకటి తగిలించుకుని ఉంది మరి.

అప్పుడామె పట్టు తెలిసిన వీధిలో పుట్టిన మనిషి మాత్రమే చేసే పని చేసింది. హెడ్‌ఫోన్లను ఒక్కొక్క అరచేతిలో ఒక్కొక్కటి పెట్టుకుని, కళ్లు మూసుకుని, బరువు చూసింది. చీర బరువుంటే పట్టు ఉన్నట్టు, జరీ ఉన్నట్టు. తేలికగా ఉన్నదాంట్లో ఎవరో ఏదో మిగుల్చుకున్నట్టే లెక్క.

"ఇది," అంది, బరువైనదాన్ని పైకెత్తి.

"అది స్వల్ప రేటు ఎక్కువక్కా."

"రెండు వేలు దాటుతాదా?"

"దాటదు. తగ్గిస్తాను."

"దాటితే ఆ దిగులుకే నాకు నిద్ర పట్టదు. అందుకు అడిగినా."

బిల్లు రాయించి, డబ్బాను సంచి అడుగున పెట్టి, పైన కొత్తిమీర కట్టలు పరిచింది. రైల్లో ఎవరైనా అడిగితే కూరగాయలకు వచ్చాననాలని నాకు నేర్పింది. ధర్మవరం నుంచి హిందూపురానికి కొత్తిమీర కోసం రైల్లో వచ్చే మనిషిని ఎవరు నమ్ముతారని నేను అడగలేదు.

రెండు రోజులకు ఫోను వచ్చింది.

"నిద్ర వస్తాంది చిన్నాయనా. మంచి నిద్ర. బాయిలో వేసిన రాయి మాదిరి పోతాండా."

"ఇంకేం మరి?"

"బాయిలో ఏమీ లేదు."

ఆమె చెప్పింది. కళ్లు మూసుకుంటే నల్లగా, మెత్తగా ఒక చోటు. అక్కడ నిలువు దారాల పడుగు ఒకటి పరిచి ఉంది, తెల్లది, రంగెయ్యనిది, చివర కనపడనంత పొడవు. ఆమె ఒక కొస పట్టుకుని నిలబడింది. అవతలి కొస ఎవరు పట్టుకున్నారో తెలియదు. పిలిచింది. నోరు కదిలింది గానీ మాట పుట్టలేదు. ఆ దారాలు గాలికి కూడా ఊగలేదు. అలా నిలబడి నిలబడి లేచేసరికి సాయంత్రమైంది. పాపన్న కాఫీ కలిపి, పిలిచి పిలిచి, ఆమె లేవకపోతే తానే తాగేశాడు.

మర్నాడూ అదే పడుగు. ఆ తర్వాతా అదే.

"చప్పుడు పోయింది కదా," అన్నాను. "మరి ఎందుకు రావడం లేదు?"

"అదే నాకూ తెలిసేది లేదు. నా దగ్గర అయిపోయినాయేమో చిన్నాయనా. ఎవురికైనా ఒగ నాటికి అయిపోతాయి కదా."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది. నేను ఏదైనా ఒక కథ చెప్పి నవ్వించాలని చూశాను. కథ కుదరలేదు.

నెల చివరి ఆదివారం వచ్చింది. నాగరాజు తన అత్తగారింటి శుభకార్యానికి పోతూ మరమగ్గాలు కట్టేసి పోయాడు. పాపన్నకు మాత్రం ఒక చీర పూర్తిచేసి మగ్గం నుంచి తెగకొట్టి ఇవ్వాల్సి ఉండడంతో మగ్గంలోనే ఉన్నాడు. వెంకటక్క ఆ రోజు హెడ్‌ఫోన్లు డబ్బాలోనే ఉంచి, ఊరికే ఒరిగింది. గీయడానికని కాదు. నడుము నొప్పికి.

ముందు పాపన్న మగ్గం వినిపించింది. తాడు లాగితే అడ్డదారం మోసే నాడె పరుగెత్తి అవతల పెట్టెకు తగిలే చప్పుడు, వెంటనే ఆ దారాన్ని బిగించే పలక దగ్గరికి వచ్చి కొట్టే చప్పుడు. టక్, టక్కు. కొంచెం ఆగి, మళ్లీ. పెళ్లయినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కాబట్టి అది చప్పుడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ టక్కుకు, ఈ టక్కుకు మధ్య ఉండే ఖాళీలో ఆమె మెల్లగా దిగిపోయింది.

చిత్రావతి ఏరు కనిపించింది. ఎండిపోయిన ఏరు, ఇసుక మాత్రమే. ఎక్కడో దూరం నుంచి నీళ్లు వస్తున్నాయి. ఒక్కసారిగా కాదు, పాకే పిల్లలాగా. నీటి కొస ఇసుకను తాకిన చోటల్లా బంగారు నురగ ఒక వంపు తిరిగి, ఆగి, మళ్లీ వంపు తిరుగుతోంది. నాడె తగిలిన ప్రతిసారీ నీళ్లు ఒక జానెడు ముందుకొస్తున్నాయి. ముందు ఇసుకలో ఎవరో ఆడవాళ్లు నీళ్ల కోసం తవ్విన చెలమలు వరుసగా ఉన్నాయి, గుండ్రంగా, ఖాళీగా. నీళ్లు మొదటి చెలమ అంచుకు వచ్చాయి.

అక్కడ పాపన్న బీడీ కోసం లేచాడు.

మగ్గం ఆగింది. నీళ్లు ఆగాయి. వెంకటక్క లేచి కూర్చుంది. చాలాసేపు పాపన్న వైపే చూసిందట. ఆయన ఏం తప్పు చేశానోనని బీడీ ఆర్పేసి మళ్లీ గుంతలోకి దిగాడు.

"నా బుద్ధి ఏమైపోయిందో చూడు," అంది ఆమె సాయంత్రం ఫోనులో. "కరెంటు పోయినప్పుడల్లా ఎందుకు వస్తాండెనో ఇప్పుడు తెలిసింది. నాగరాజు చప్పుడు పోవాల. మీ అల్లుడి మగ్గం ఉండాల. ఆ బరువుది రెండూ మింగేస్తాంది. అట్లాంటిది ఉంటాదా, ఒగటి మింగి ఒగటి వదిలేది?"

మర్నాడే మళ్లీ రైలు. రాజశేఖర్ చెప్పిన గడువు ఆ వారంలోనే ముగుస్తుంది. ఈసారి ఆమె కిటికీ వైపు చూడలేదు, కోటను చూడలేదు, కార్లను చూడలేదు. రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని కూర్చుంది. లోపల సగం నిండిన ఏరు ఒకటి ఉన్నట్టు, రైలు కుదుపుకు ఒలికిపోతుందేమో అన్నట్టు.

భాగ్యశ్రీ డబ్బా తిప్పి చూసింది. "బాగా పని చేస్తాలేదా అక్కా?"

"బాగా చేస్తాంది. అదే కష్టం. కొంచెం బాగలేనిది ఉంటే చూపించు."

భాగ్యశ్రీ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె అలమర కింది అరలో నుంచి తేలికైనది ఒకటి తీసింది. అన్నిటికన్నా తక్కువ ధరది.

"ఇది ఫ్యాను చప్పుడు, మోటరు చప్పుడు మాదిరి ఒకే రీతిలో వచ్చేవి మాత్రం తీసేస్తుంది. టక్కున తలుపు కొట్టినట్టు వచ్చేది తీయలేదు. దీన్ని కొన్నవాళ్లు శానామంది వాపసు తెస్తారు."

"అందరూ వాపసు తెచ్చేదే నాకు కావాల."

అయినా చూసి కొనాలి. మళ్లీ మరమగ్గాలు స్పీకరులో మోగాయి. ప్లాస్టిక్ స్టూలు మీద వెంకటక్క కూర్చుంది, వీపు గోడకు ఆనించి. ఇక పాపన్న మగ్గం కావాలి. భాగ్యశ్రీ చెక్క స్కేలు ఒకటి ఇచ్చింది. నేను దాన్ని బల్ల అంచు మీద కొట్టడం మొదలుపెట్టాను. టక్, టక్కు. అల్లుడి చేతి వాటం నాకు తెలుసు. లాగేటప్పుడు కొంచెం తొందర, కొట్టేటప్పుడు కొంచెం నిదానం.

వెంకటక్క కళ్లు మూసుకుంది. "వినపడుతుండాది," అంది.

తల మెల్లగా గోడకు వాలింది. పెదవులు కొంచెం విడిపోయాయి. భాగ్యశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెంకటక్క నిద్రపోయింది. నడి బజారులో, మిల్లు మోత మధ్య, పట్టపగలు.

నేను ఆపలేకపోయాను. ఆపితే నీళ్లు ఆగిపోతాయి. కొడుతూనే ఉన్నాను. ఫ్యాను గాలికి డబ్బాల మీది ప్లాస్టిక్ కాగితం వెండి చేపలా ఎగిరెగిరి పడుతోంది. ఎండ మెట్లెక్కి లోపలికి వచ్చి, వెంకటక్క కాలి మట్టెల దగ్గర కూర్చుంది. బజారులో ఆటోలు నీళ్ల అడుగున పోతున్నట్టు పోతున్నాయి. నా భుజం లాగింది. స్కేలు భాగ్యశ్రీకి ఇచ్చాను, ఒక్క టక్కు కూడా తప్పిపోకుండా. ఆ పిల్లకు మంచి లయ ఉంది. ఈలోగా ఒక అమ్మ ఛార్జరు కోసం వచ్చింది. నేను పెదవుల మీద వేలు పెట్టాను. ఏమనుకుందో, చెప్పులు బయటే వదిలి లోపలికి వచ్చి, తానూ కాసేపు కొట్టింది.

ఆ తర్వాత వచ్చినవాడు నరేష్, ఎర్రమంచి ఫ్యాక్టరీలో పని చేసేవాడు, ఆ రోజు సెలవు. ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చాడు. "ఏమప్పా ఇది, పూజనా?" అని గుసగుసగా అడిగి, స్కేలు అందుకున్నాడు. అతని చెయ్యి లైనులో బోల్టులు బిగించే చెయ్యి. ఒక చోట తొందరపడి ఒక టక్కు ముందే కొట్టేశాడు. వెంకటక్క కనుబొమలు ముడిపడ్డాయి. నేను స్కేలు లాక్కున్నాను. కనుబొమలు మళ్లీ విడిపోయాయి.

హిందూపురం మొత్తం వరుసగా వచ్చి ఆ స్కేలు కొట్టి పోయిందని నేను పెనుకొండలో కొందరికి చెప్పాను. అది నిజం కాదు. నలుగురమే.

ఆమె కళ్లు తెరిచి, మా ఎవరి వైపూ చూడకుండా చెయ్యి చాపింది. పెన్సిలు ఆమె జడలోనే ఉంది. కాగితానికి భాగ్యశ్రీ ఆ కొత్త హెడ్‌ఫోన్ల డబ్బానే చింపి తెల్లవైపు తిప్పి ఇచ్చింది. వెంకటక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని గీసింది. నీళ్లు ఒక చెలమలోకి దిగి, నిండి, పొంగి, ఇంకో చెలమకు పోతున్నాయి. నిండిన ప్రతి చెలమలోనూ ఒక చుక్క మెరుస్తోంది, పగలే అయినా. ఒక్క చెలమ దగ్గర మాత్రం నీళ్లు తొందరపడి దాటిపోయాయి. అది ఖాళీగా ఉంది.

"దీన్ని కూడా నింపుతావా?" అని అడిగాను.

"అది నిండలేదు కదా, నేనెట్ల నింపేది?"

బరువుదాన్ని వాపసు తీసుకున్న భాగ్యశ్రీ, దీని వాపసుకు ఇక డబ్బా లేకుండా పోయిందని గుర్తు చేసింది. వాపసు తెచ్చే ఆలోచన ఎవరికీ లేదని చెప్పి, చెవులకు తగిలించుకునే రైలెక్కింది వెంకటక్క. పెనుకొండలో నేను దిగి కిటికీ దగ్గర నిలబడి ఏదో అన్నాను. ఆమె నా నోటి వైపు చూసి నవ్వింది. నా గొంతు ఒకే రీతిలో సాగుతుందని, ఆ మిషను దాన్ని కూడా తీసేసిందని తర్వాత చెప్పింది.

గళ్ల కాగితం మీద ఆ అంచు ఎక్కించి ఇచ్చినప్పుడు రాజశేఖర్ దాన్ని వాకిట్లో వెలుగులో పెట్టుకుని చూశాడట. వేలితో చెలమ చెలమా దాటుకుంటూ పోయి, ఖాళీగా ఉన్నదాని దగ్గర ఆగాడు.

"ఇది తప్పా అక్కా?"

"కాదు."

"నేనూ అదే అనుకున్న్యా. కంప్యూటరు అయితే దీన్ని నింపేస్తుండె." బెంగుళూరుకు ఫోను చేసి వద్దన్నాడు. దసరాకు ఆ చీరలు పోయాయి. ఇప్పుడు వీధిలో మధ్యాహ్నం పూట నాగరాజు మరమగ్గాలు అరుస్తాయి, పాపన్న మగ్గం తన మానాన తాను కొట్టుకుంటుంది, వెంకటక్క చాప మీద ఒరిగి రెండిటిలో ఒకటే వింటుంది. ఎవరైనా వాకిట్లోకి వస్తే పాపన్న గట్టిగా దగ్గుతాడు.

ఇదంతా రాసి, అచ్చుకు పంపే ముందు వెంకటక్కకు ఫోనులో మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అయిపోయాక అంది:

"ఇందులో ఒగటీ నిజం లేదు చిన్నాయనా. నేను పగలు పండుకోను. నాకు కలలు రావు. హిందూపురం పోయి ఎన్నేండ్లయిందో నాకే తెల్దు, చెవుల్లో పెట్టుకునేది మా ఇంట్లో ఏదీ లేదు. షావుకారు అడిగితే నువ్వు కూడా ఇట్లే చెప్పాల."